మల్లమ్మకు అడవి కట్టిన మా స్వర్ణక్క

నిన్న మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నాను. స్వర్ణక్క టీమ్‌లో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. మీటింగ్ మధ్యలో అక్క కుర్చీలోనే ఒరిగిపోయిందట. అంబులెన్స్ వచ్చిందట. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది. గుండె.

"ఏ స్వర్ణ?" అని అడిగాను నేను. నాకు తెలిసిన స్వర్ణ ఒక్కతే.

ఇప్పటికీ నమ్మడం లేదు. మొన్న సాయంత్రమే మెట్ల దగ్గర ఆపి, కొత్తిమీర ఉందా అని అడిగిన మనిషి.

ఏడుస్తూనే ఒక్క విషయం గుర్తొచ్చింది. మరి మల్లమ్మ గతేంటి?

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. స్వర్ణక్కది కరీంనగర్. ఇక్కడ జర్మనీలో, వాల్డార్ఫ్ దగ్గర మా బిల్డింగ్‌లోనే, మా పై ఫ్లాట్‌లో ఒక్కతే ఉండేది. ఒక్కతే అంటే ఒప్పుకునేది కాదు. మల్లమ్మ ఉందిగా అనేది.

మల్లమ్మ అంటే పాము. బోవా. రెండు మీటర్ల పొడవు, నా ముంజేతంత లావు. విషం లేదు.

పాములంటే నాకు చచ్చేంత భయం. పైన పాముందని తెలిసిన రోజు ఇల్లు మారదామని మా ఆయనతో గొడవ పెట్టుకున్నాను. "ఈ ఊళ్ళో ఇల్లు చూడ్డానికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకడమే గగనం. దానికంటే పాము కింద కాపురమే సులువు" అన్నాడాయన. అలా ఉండిపోయాం.

మల్లమ్మని ఎవరో పెంచుకుని వదిలేశారు. అలాంటి పాములను చేరదీసే సెంటర్ నుంచి అక్క తెచ్చుకుంది. అప్పటిదాకా అది బతికిందంతా ప్లాస్టిక్ డబ్బాలో, న్యూస్‌పేపర్ మీద. ఏళ్ళ తరబడి. ఒక మూల చుట్టుకుని పడుకునేది, అంతే.

అక్కకి అది చూసి మనసు ఆగలేదు. "దీనికి అడివి కావాలె" అంది.

మనలాంటి వాళ్ళం అంటాం, మర్చిపోతాం.

అక్క కట్టింది.

బిల్డింగ్ కింద కెల్లర్‌లో, అంటే నేలమాళిగలో, తనే చెక్కలు కోసుకుంది. హాల్లో సగం గోడంత పెట్టె, ముందు గాజు తలుపులు. అడుగున నీళ్ళు దిగడానికి మట్టి గుండ్లు, పైన మెష్, దాని మీద జానెడు మట్టి. మొక్కలు. ఎక్కడానికి లావాటి కొమ్మ. ఆ మట్టిలో వదలడానికి కంటికి ఆనీ ఆనని తెల్ల పురుగులు ఆర్డర్ చేసింది. డబ్బులిచ్చి పురుగులు కొన్న మనిషిని నేను ఈవిడనే చూశాను. రాలిన ఆకులు, బూజు, పాము చేసే మురికి, అన్నీ ఆ చిన్న జీవులే తిని మట్టి చేసేస్తాయట.

శనివారాలు అడవికెళ్ళి సంచులకొద్దీ ఎండాకులు ఏరుకొచ్చేది. బయటి పురుగు రాకుండా వాటిని ఓవెన్‌లో వేడి చేసేది. ఒకసారి కేక్ అనుకుని పైకెళ్ళాను. ట్రే నిండా ఆకులు! టీ ఇచ్చి పంపింది.

అంతా అయ్యాక కూడా పామును వదల్లేదు. వారాల తరబడి ఖాళీ అడవికి లైట్లు వేసి, నీళ్ళు చల్లుతూ కూర్చుంది.

"ఇంకెన్నాళ్ళక్కా?" అంటే, "ముందుగాల మట్టికి పానం రావాలె పిల్లా. అటెంకనే మల్లమ్మ" అంది.

వదిలిన రోజు నన్ను పిలిచింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, చెప్పులు విప్పకుండా, పారిపోవడానికి వీలుగా.

మల్లమ్మ చాలాసేపు కదల్లేదు.

తర్వాత తల ఎత్తింది. నాలుక ఆడించింది. మెల్లగా ఆకుల కిందికి దూరింది. రెండు మీటర్ల పాము మొత్తం వెళ్ళిపోయింది, ఒక్క ఆకు చప్పుడు కాలేదు. నేను గాజు దగ్గరికి ఎప్పుడు వచ్చానో నాకే తెలియదు.

"సూసినవా, గిన్నేండ్లకు దాని కడుపుకు మట్టి తగిలింది" అని అక్క కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, ఎందుకో మరి.

ఇంకొకటి చెప్పాలి. ఆ ఏడు నాగుల చవితికి తెనాలి నుంచి మా అత్తయ్య వచ్చి ఉన్నారు. ఇక్కడ పుట్ట ఎక్కడ దొరుకుతుంది? "పైన సాక్షాత్తూ పామే ఉంటే పుట్టెందుకే? పద" అని పాలు, చలిమిడి, చిమ్మిలి పట్టుకుని బయల్దేరారు. నాకు తల కొట్టేసినట్టయింది. అంత కష్టపడి కట్టిన దాంట్లో పాలు పోస్తే ఇంకేమైనా ఉందా!

అక్క నవ్వింది. "అమ్మా, పాము పాలు తాగదు. గని మీరు గంత దూరంకెళ్ళి వచ్చిండ్రు. గా మూలకు ఒక్క చెంచెడు పొయ్యిండ్రి. ఎవలు తాగుతరో నాకూ సూడాలనున్నది."

చలిమిడి మాత్రం తనే తినేసింది.

కొన్నాళ్ళకు ఆ మూల తెల్లగా బూజు పట్టింది. పాడు చేసేశాం అనుకున్నాను. అక్క అత్తయ్యని పిలిచి చేతికి భూతద్దం ఇచ్చింది. బూజు నిండా ఆ తెల్ల పురుగులు, లెక్కలేనన్ని, శ్రద్ధగా తింటున్నాయి. ఇంకొన్నాళ్ళకు చూస్తే ఉత్త నల్లమట్టి. పాలు పోసిన గుర్తే లేదు.

ఆ రోజు అత్తయ్య పాముకి దండం పెట్టలేదు. మట్టికి పెట్టారు. "ఇన్నేళ్ళూ ఎవరికి పోస్తన్నానో తెలీకుండానే పోశానమ్మా" అన్నారు.

నిన్న రాత్రి అక్క తమ్ముడు కరీంనగర్ నుంచి మాట్లాడాడు. "పామును గా సెంటరోళ్ళకే ఇచ్చెయ్యిండ్రక్కా" అన్నాడు. పొద్దున్నే వాళ్ళకి ఫోన్ చేశాను. పామునైతే తీసుకుంటారట, రేపు వస్తామన్నారు. అంత పెద్ద పెట్టెకి చోటు లేదట. వాళ్ళనీ అనడానికి లేదు, ఎన్ని పాములని చూస్తారు.

అంటే మల్లమ్మ మళ్ళీ డబ్బాలోకి.

అక్క ఫ్లాట్ తాళం ఒకటి నా దగ్గరే ఉంటుంది. పైకెళ్ళాను. మల్లమ్మ కొమ్మ మీద ఉంది. నీళ్ళ గిన్నె ఎండిపోయింది.

గాజు తలుపు జరిపాను. చెయ్యి లోపల పెట్టాను. గిన్నె తీసి, కడిగి, నింపి పెట్టాను. మల్లమ్మ నా చేతి వైపు నాలుక ఆడించి, మళ్ళీ తల వాల్చేసింది.

సెంటర్ వాళ్ళకి ఫోన్ చేసి రావద్దన్నాను.

మా ఆయనకి ఈ సంగతి ఈ పోస్ట్ చదివితేనే తెలుస్తుంది.

ఆ పెట్టెను మా ఇంట్లోకి దింపడానికి మనుషులు కావాలి. మట్టి బకెట్లలో, జాగ్రత్తగా దింపాలి, ప్రాణమున్న మట్టి. ఆదివారం ఎవరెవరు రాగలరో కామెంట్‌లో చెప్పండి.

పోయిరా స్వర్ణక్కా. నీ ఆత్మ చల్లగా ఉండాలి. మల్లమ్మ మా ఇంట్లోనే ఉంటుంది.