నలభై ఇండ్లకు పోయిన ఎర్ర గీత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా సర్కారు బడిలో సోషల్ చెబుతున్న నోరు ఇది. తరగతి గదిలో దానివల్ల పెద్ద నష్టమేమీ జరగలేదు. తిట్టిన పది నిమిషాలకు భుజం తట్టేదాన్ని, పిల్లలూ మరిచిపోయేవాళ్లు, నేనూ మరిచిపోయేదాన్ని. కరోనాతో బడికి తాళం పడి, కొల్లాపూర్‌లోని కిరాయి ఇంట్లో కూర్చుని ఫోనులో పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు తెలిసింది, ఫోనెక్కిన తిట్టు దిగదని.

పదో తరగతికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. పిల్లలు టీవీలో పాఠం చూసి, నేను వేసిన ప్రశ్నకు జవాబు నోటుబుక్కులో రాసి ఫొటో పంపాలి. నేను ఆ ఫొటో మీదే ఎర్ర గీతలు గీసి తిరిగి గ్రూపులో పెట్టేదాన్ని. ఒకరి తప్పు చూసి అందరూ నేర్చుకుంటారని నా ఉద్దేశం. చర్చ కూడా అక్కడే చేద్దామన్నాను. చర్చ ఎక్కడిది? 'ఓకే మేడం', 'యెస్ మేడం', రెండు చేతులు జోడించిన బొమ్మ. గోడకు పాఠం చెప్పినట్టే ఉండేది.

ఒక్క అమ్మాయి మాత్రం మనసు పెట్టి రాసేది. కృష్ణ ఒడ్డు పల్లె వాళ్లది. తరగతిలో పెదవి విప్పని పిల్ల, ఫోనులో పేజీలకు పేజీలు పంపేది. సాగునీటి ప్రాజెక్టుల ఉపయోగాలు రాయమంటే, 'ప్రాజెక్టు వల్ల మా పాత ఊరు మునిగింది. నీళ్లు మా ముందర నుంచే పోతాయి, మా చేనుకు రావు' అని రాసింది. ఆ రోజు ఏ చికాకులో ఉన్నానో, ఆ రెండు వాక్యాలనూ ఎర్రగా కొట్టేసి, 'తప్పు. అడిగింది ఉపయోగాలు. సొంత కథలు వద్దు' అని కింద రాసి గ్రూపులో పడేశాను.

మర్నాడు ఆమె నుంచి జవాబు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు నేనే ఫోన్ చేస్తే వాళ్ల నాయిన ఎత్తాడు.

"మేడం, గీ ఫోను నాది. పొద్దుగాల్ల నా జేబుల పెట్టుకొని చేనుకు పోత. మీరు పెట్టింది నాకంటె ముందుగాల నా దోస్తులు చూసిండ్రు. ఆళ్ల పిల్లలు గూడ గా గ్రూపులనే ఉన్నరు గద. చాయ్ హోటల్ కాడ సదివి నవ్విండ్రు. నలభై ఇండ్లల్ల నా బిడ్డ ఇజ్జత్ పోయింది. గామె రాసింది అబద్ధమా? మునిగింది మా ఊరే. ఇగ సదువు సాలు, పత్తి ఏరనీకి వస్తది."

నేను నోరు తెరిచేలోగా పెట్టేశాడు.

ముందు ఆయన మీదే కోపం వచ్చింది. తప్పు నాదని తెలిసినప్పుడల్లా ఎదుటివాళ్ల మీద మండిపడటం నా అలవాటు. కోపం చల్లారాక గ్రూపు తెరిచి ఆ ఫొటో మళ్లీ చూశాను. బడిలో దిద్దిన నోటుబుక్కు పిల్ల సంచిలో ఇంటికి పోతుంది. ఇక్కడ పిల్లకంటే ముందు ఊరు చూస్తుంది. గ్రూపులో ఉన్నవి పిల్లల ఫోన్లు కావు, ఇంటి ఫోన్లు. ఇంత చిన్న సంగతి తట్టలేదే అని సిగ్గేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పిల్లలకు చెప్పేదాన్నీ నేనే.

ఆమెకు విడిగా ఫోన్ చేసి సారీ చెప్పొచ్చు. కానీ ఇజ్జత్ పోయింది నలభై ఇండ్లలో, తిరిగి రావాల్సిందీ అక్కడే. సాయంత్రం చేల నుంచి అందరూ ఇళ్లకు చేరే వేళ చూసి గ్రూపులో నా గొంతు రికార్డు చేసి పెట్టాను. మా వైపు గొంతు సందేశం వస్తే ఎవరూ చెవి దగ్గర పెట్టుకుని వినరు, ఇల్లంతా వినేలా పెడతారు.

"బిడ్డా, నీ మాటల మీద ఎర్ర గీత కొట్టుడు నా తప్పు. ప్రాజెక్టుతోని శాన ఊర్లకు నీళ్లొచ్చినయి, అది నిజం. నువ్వు రాసింది గూడ నిజం. ఊర్లిచ్చినోళ్ల ముచ్చట నాకే తెల్వదు. ఊరు ఇడిసిపెట్టిన దినం ఏం జేసిండ్రో మీ అవ్వనడిగి నాకు జెప్పు."

విన్నవాళ్ల జాబితాలో పేర్లు ఒక్కొక్కటే చేరాయి. మరుసటి రోజంతా ఫోను చేతిలో పట్టుకునే తిరిగాను. సాయంత్రం వాళ్ల నాయిన నంబరు నుంచి గొంతు వచ్చింది. ఆయనది కాదు, వణుకుతున్న ముసలి గొంతు, ఆ అమ్మాయి వాళ్ల అవ్వది.

"ఏం జేసినం బిడ్డా, ఇంటి దర్వాజ ఊడవీకి బండి మీద ఏసుకొని వచ్చినం. గోడలు తేలేం గద. గిప్పుడు గీ ఇంటికున్నది గా దర్వాజనే."

వెనకే ఫొటో. పసుపు రాసిన పాత దర్వాజ, దానికి ఆనుకుని ఆ అమ్మాయి. నాకు పట్టలేనంత సంతోషం!

ఆ తర్వాత గ్రూపు నిద్ర లేచింది. కాలువ కింది ఊరి పిల్లవాడొకడు, "మాకు నీళ్లొస్తున్నయి, మీకెందుకు రావు?" అని అడిగాడు. ఆ ఏడాది గ్రూపులో పిల్లల్లో ఒకరు ఇంకొకరిని అడిగిన మొదటి ప్రశ్న అది. "మేం ఎత్తుల ఉన్నం, మీరు పల్లంల ఉన్నరు" అంది ఆమె. "మరి మోటర్లు పెట్టరాదా?" అన్నాడు వాడు. రెండు రోజులు వాదించుకున్నారు. మధ్యలో దూరకుండా నా వేళ్లను ఆపుకోవడానికి పడ్డ కష్టం నాకే తెలుసు. మూడో రోజు ఆ అమ్మాయి రాసింది: 'మేడం, నాయిన ఫోను ఇంట్లనే పెట్టి చేనుకు పోతున్నడు.' గెలిచాననుకున్నాను. నిజానికి గెలిచింది ఆమె.

అప్పటి నుంచి మెచ్చుకోలు గ్రూపులో, గొంతుతో. దిద్దుబాటు విడిగా, అదీ ముందు బాగున్నది చెప్పి, ఆపైన ఒక ప్రశ్నగా. ఎర్ర రంగు ముట్టలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతోంది. మొన్న ప్రాజెక్టుల మీద ఒక పాఠం రికార్డు చేసి, ఇంకా బతికే ఉన్న ఆ పాత గ్రూపులో పెట్టాను. సెలవులకు ఊరికొచ్చి ఉందేమో, గంటలో ఆమె గొంతు వచ్చింది.

"మేడం, దర్వాజ ముచ్చట శాన మంచిగ జెప్పిండ్రు, అవ్వ రెండుసార్లు ఇన్నది. ఒక్కటి అడుగుత. మునిగిన ఊర్ల పేర్లు ఒక్కటన్న ఎందుకు చెప్పలే? గ్రూపుల పెట్టలే మేడం, మీకొక్కలికే పంపుతున్న."

నేను మాత్రం దాన్ని ఇల్లంతా వినేలా పెట్టాను.