ఎడారి మొక్కకు తామర స్నానం

నేనొక మొక్కను చంపానని నర్సరీల ఊరు కడియంలో చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. చంపలేదు, ముంచాను. ఈ తేడా తెలియనివాళ్ళతో నేను వాదించను. అంటే, అరగంటకు మించి వాదించను.

సత్తిబాబు గారి నర్సరీకి వెబ్‌సైటు చేశాను. ప్రతి మొక్కకూ ఒక ఫోల్డరు, అందులో నీళ్ళెలా పోయాలో చెప్పే ‘వాటర్’ అనే ఫైలు. ఒకనాడు ముచ్చటపడి ఫోల్డర్లన్నీ అటూ ఇటూ సర్దాను. దాంతో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఇంపోర్ట్ దారులన్నీ తప్పి, జావాస్క్రిప్ట్ నిండా ఎర్రగీతలు. ఒక్కొక్కటీ చేత్తో దిద్దడం నాలాంటి మేధావికి నామోషీ కాదూ! కోడ్‌లో తప్పులు పట్టే లింట్‌కి సొంతంగా ఒక రూలు రాసిచ్చాను: దారి తప్పితే, ఆ పేరుగల ఫైలు ఎక్కడున్నా వెతికి, దాని దారి పెట్టెయ్.

బయట శ్రావణమాసపు జల్లు. కిటికీలోంచి తడిసిన సన్నజాజుల వాసన. ఎర్రగీతలు గోదాట్లో వదిలిన దీపాల్లా ఒక్కొక్కటే దూరమై ఆరిపోతుంటే, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కలలో ఉన్నట్టు చూస్తూ కూర్చున్నాను. ‘వాటర్’ అనగానే ముందు కనబడ్డ తామర ఫోల్డరుకే ఆ రూలు అన్ని దారులూ కలిపేసిందని, ప్రతి మొక్కనూ తామరలా నీళ్ళలో ముంచి ఉంచమని సైటు చెబుతోందని నాకెలా తెలుస్తుంది? చూస్తే తెలిసేది. చూడలేదు.

నాలుగో రోజు సత్తిబాబు గారి ఫోను.

“అమ్మా, ఎడారి గులాబీని బకెట్లో ముంచమన్నారా అండి?”

“నేనెందుకంటానండీ!”

“మన సైట్లో ఉందటండి. హెడ్మాస్టరు గారు ముంచేశారు. మొగ్గలున్న మొక్కండి. ఎల్లుండి వాళ్ళావిడ పుట్టినరోజుకి పూయాలని కొన్నారు.”

పరుగెత్తాను. రిటైరైన ఆ హెడ్మాస్టరు గారి వరండాలో బకెట్. అందులో మొక్క, పుష్కర స్నానానికి దిగి ఒడ్డు మరిచిపోయిన పెద్దావిడలా, పీకలోతు నీళ్ళలో.

“తియ్యండి మాస్టారూ, కుళ్ళిపోతుంది!”

“మరి ముంచమని రాసిందెవరమ్మా?”

“నేనే. ముందు తియ్యండి!”

వంటింట్లోంచి వాళ్ళావిడ అందుకున్నారు. “నాలుగ్రోజుల్నించీ నేనూ అదే మొత్తుకుంటున్నానమ్మా. ‘కంప్యూటరు కంటే నీకెక్కువ తెలుసా?’ అన్నారు.”

మెత్తబడ్డ వేర్లు కోసి, మొక్కను ఆరబెట్టి, ఇసకలో పాతాను. మూడు మొగ్గల్లో రెండు రాలాయి. పుట్టినరోజు పొద్దున్నే మూడోది పూసింది. ఆవిడే నాకు ఫోటో పంపారు.

ఇకమీదట ఏ దారి దిద్దినా, అది ఎవరి గుమ్మానికి చేరుతోందో తలుపు కొట్టి చూసి మరీ వస్తానని కీబోర్డు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. తప్పు నాదే. హెడ్మాస్టరు గారిని మాత్రం ఒక్కటి అడుగుతాను: పక్కనున్న మనిషి వద్దు వద్దంటుంటే, ఆ మొక్క మొహమైనా చూడని కంప్యూటరు మాట ఎందుకు విన్నారండీ?