నరకానికి ఒక బిందెడు నీళ్లు

ఆ రోజుల్లో ఎండాకాలం మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. ఎంత పొడుగంటే, ఒక్క మధ్యాహ్నంలోనే నేను పెద్దదాన్నై, పుస్తకాల గది ఒకటి కట్టుకుని, అందులో ముసలిదాన్ని కూడా అయిపోయేదాన్ని. కళ్లు తెరిచి చూస్తే ఎండ ఇంకా గడప దాటి ఉండేది కాదు. లోపల బాపు మగ్గం మాత్రం టకటకా ఆడుతూనే ఉండేది. మాది చౌటుప్పల్ దగ్గర చేనేత ఊరు, అప్పుడు తెలంగాణ వచ్చిన కొత్త. మాది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వదిలి, గట్టు మీద కూర్చుని నేస్తారు. వాకిట్లోంచి చూస్తే బాపు నడుము దాకా భూమిలో మొలిచినట్టు ఉండేవాడు.

ఆ వేసవిలో పక్కింటి స్నేహితురాలు నన్ను చర్చిలో పెట్టే సెలవుల బడికి తీసుకుపోయింది. (పాటల కోసమని ఇంట్లో చెప్పాను. నిజానికి మధ్యలో పంచే నారింజ రంగు షర్బత్ కోసం.) ఒకరోజు అక్కడి టీచరక్క గోడకు నరకం బొమ్మ తగిలించింది. ఎర్రటి మంటల గుంటలో ఒక మనిషి నడుము దాకా దిగబడి ఉన్నాడు. నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఇంటికొచ్చి చూస్తే బాపు, మగ్గానికి బిగించిన ఎర్ర పోగుల పడుగు వెనకాల, నడుము దాకా గుంటలో. పైగా ఒళ్లంతా చెమటలు. నాకిక అనుమానం లేకపోయింది. బాపుకు అప్పుడే మొదలైపోయింది.

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలంటే నోరు తెరవాలి, అది నావల్ల అయ్యే పని కాదు. (బడిలో హాజరు పిలిచినా చెయ్యెత్తేదాన్ని గానీ పలికేదాన్ని కాదు.) "దేవుడా, మా బాపు మంచోడు, కొంచెం బీడీలు తాగుతాడు, అంతే" అని డైరీలో రాసుకున్నాను. రాస్తే మంట ఆరదు కదా. మర్నాడు బాపు అన్నానికి లేవగానే, నిండు బిందె ఈడ్చుకొచ్చి గుంటలో గుమ్మరించాను.

బాపు వచ్చి కాళ్లు దించి, బురదలో చీలమండల దాకా దిగబడ్డాడు.

"అమ్మా, గుంటల నీళ్లెట్లొచ్చినయే?"

బాపు వాళ్లమ్మ, మా అవ్వ, వచ్చి తడిసిన నా లంగా చూసింది. "ఇంకెవరు, నీ బిడ్డనే. మాట్లాడదు గని ముంచుతది."

"ఎందుకు పోసినవ్ బిడ్డా?"

"నరకం" అన్నాను. చాలాసేపటికి, "ఆర్పుదామని."

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు నవ్వలేదు. కాళ్లు కడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని స్నేహితురాలి తాత దగ్గరికి నడిచాడు. ఆయన బడి పంతులుగా రిటైరై, బైబిలును పాత భాషల్లో చదువుకునే మనిషి. కళ్లద్దాల మీద భూతద్దం కూడా పెట్టుకునేవాడు కనుక మాకు కళ్లద్దాల తాత.

"సారూ, నేను నరకంల పడ్డనంటుంది మా పిల్ల. జర మీరే నచ్చజెప్పుండ్రి."

"ఏ నరకం?" అన్నాడు తాత, పుస్తకం తెరుస్తూ. "పాత హీబ్రూల షియోల్ అని ఒక మాటుంది. అంటే చచ్చినోళ్లు పోయే జాగ. భూమి కింద, చీకటిగ, సప్పుడు లేకుంట. మంచోడు చెడ్డోడు అని లేదు, అందరు గక్కడికే. గ్రీకుల దాన్ని హేడిస్ అన్నరు, మన తెలుగుల పాతాళమని రాసిన్రు. షియోల్ అన్న మాటల మంట లేదు."

"అందరు ఒక్కకాడనేనా?" బాపు కూడా చతికిలబడ్డాడు. "మరి మా తాత, మీ నాయిన?"

"గా మాట పట్టుకుంటే పక్కపక్కనే."

"గోడ పంచాయితీల మాటలు బందు పెట్టుకున్నరు గద సారూ."

"ఇప్పుడు మాట్లాడుకుంటున్నరో ఏమో."

ఇద్దరూ కాసేపు మా రెండిళ్ల మధ్య గోడను చూశారు.

"మంటది ఏరే మాట, గెహెన్నా" అన్నాడు తాత మళ్లీ. "యెరూషలేము పక్కపొంటి లోయ పేరు అది. ఒకప్పుడు రాజులే పిల్లల్ని నిప్పుల ఏసిన పాపిష్టి జాగ. తర్వాత ఊరి చెత్త గాడనే కాలవెట్టిన్రని కొందరంటరు. యేసు గా పేరే ఎత్తిండు, మన పుస్తకంల నరకం అయింది. తీర్పు లేదని నేననను బిడ్డా. గని గా బొమ్మ గీసినోడు పోయి చూసొచ్చినోడైతే కాదు."

నేను అడగాల్సింది ఒక్కటే ఉంది. "మరి మా బాపు?"

తాత భూతద్దం దించాడు. "మీ బాపు గుంటల నువ్వెప్పుడన్న దిగినవా?"

లేదన్నట్టు తలూపాను. పోగులు తెగుతాయని పిల్లల్ని మగ్గం దగ్గరికి రానిచ్చేవారు కాదు.

"దిగి చూడు పో."

మర్నాడు బురద ఇంకిపోయాక దిగాను. చల్లగా ఉంది. తడిమట్టి వాసన. పైన ఎర్ర పోగుల్లోంచి వెలుతురు, చెరువు అడుగునుంచి చూసినట్టు, మెల్లగా కదులుతోంది. అందరూ పోయే ఆ చీకటి జాగా ఇలాగే ఉంటుందేమో, మా ముత్తాత వాళ్ల ముత్తాతకు బీడీ ఇస్తున్నాడేమో అనుకుంటూ నిద్రపోయాను. లేచేసరికి బాపు నన్ను లేపకుండా, గట్టు మీద కూర్చుని నూలు కండెలు చుట్టుకుంటున్నాడు.

ఆ వారం పోగులు తక్కువ తెగాయి. ఎండకు పొడిబారిన దారం తెగుతుంది, గుంటలో తడి ఉంటే నిలుస్తుంది. (నేసేవాళ్లందరికీ ఇది తెలుసు. వాళ్లు చిలకరిస్తారు, నేను గుమ్మరించాను, అంతే తేడా.) అప్పటినుంచి ప్రతి వేసవిలో గుంటకు నీళ్లు చల్లడం నా పనైంది.

ఇప్పుడు చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీ ఆఫీసులో పని చేస్తూ అక్కడే కిరాయి గదిలో ఉంటున్నాను. కంపెనీ బస్సు చెత్త కాలే జాగా పక్కనుంచి పోతుంటే అందరూ గబగబా కిటికీలు మూస్తారు. నేను ఆ పొగలో ఎక్కడిదో లోయను చూస్తూ, కాస్త ఆలస్యంగా మూస్తాను. మొన్న ఆఫీసులో ఉండగా బాపు ఫోన్ చేశాడు. ఎండల గురించి, అవ్వ మోకాళ్ల గురించి చెప్పాడు. నలుగురిలో మాట్లాడలేక ఎప్పటిలాగే ఊఁ కొడుతున్నాను.

"నరకం ఎండిపోయింది బిడ్డా" అన్నాడు చివరికి. "ఐతారం వస్తవా?"

"వస్త బాపూ."

గట్టిగానే అన్నానేమో, పక్క సీటు ఆమె తలెత్తి చూసింది. నాకు మాత్రం తడిసిన లంగాతో, ఖాళీ బిందెతో, లోకాన్ని కాపాడిన ముఖం పెట్టుకుని గుంట పక్కన నిలబడ్డ పిల్ల కనిపించి నవ్వొచ్చింది.