పోస్టమ్మ కలిపిన పక్కిళ్ళు

ఊరు జలాశయంలో మునిగేనాటికి పోస్టమ్మ అక్కడ పందొమ్మిదేళ్ళుగా ఉత్తరాలు పంచుతోంది. ఏ మెట్టు విరిగిందో, ఏ తలుపు నాలుగుసార్లు తడితేగాని తెరుచుకోదో ఆమెకు కొట్టిన పిండి. అసలు పేరు ఆఫీసు రిజిస్టరు దాటి ఎప్పుడూ బయటికి రాలేదు.

నీళ్ళు రాకముందే అందరినీ గుట్టమీది కొత్త ఊరికి తరలించారు. నాలుగు వందల ఇళ్ళు, అన్నీ ఒకే అచ్చు. చీటీలు తీసి పంచేసరికి ఇరుగు ఒకచోట, పొరుగు ఒకచోట పడ్డారు. వీధులకు పేర్లు లేవు, ఇళ్ళకు నంబర్లే. ఉత్తరాలు మాత్రం "రొట్టెల దుకాణం ఎదురుగా" అంటూ పాత చిరునామాలతోనే వస్తున్నాయి. ఆ దుకాణం మీద ఇప్పుడు ముప్పై అడుగుల నీళ్ళు.

"చిరునామా లేదని ముద్రకొట్టి తిప్పి పంపేద్దాం," అన్నాడు పోస్టుమాస్టరు.

"మనుషులున్నారు కదండీ! రెండు వారాలు నాకొదిలెయ్యండి."

గడపగడపా తిరిగి పాత ఇల్లెక్కడో, కొత్త నంబరెంతో నోటుబుక్కులో రాసుకుంది. పన్నెండో రోజుకు ఒక్క ఉత్తరమూ మిగల్లేదు.

ఆ తిరుగుడులోనే మూడో నంబరు ఇంట్లో టైలరు భార్య దిగాలుగా కనిపించింది. ఆమె, ఆమె తోడికోడలు ముప్పై ఏళ్ళు మధ్యగోడకు అటూ ఇటూ నిలబడి పోట్లాడుకున్నవాళ్ళు.

"ఒంట్లో బాలేదా అక్కా?"

"ఒంటికేం, రాయిలా ఉంది. అదేమో మూడొందల తొంభైలో పడింది. ఈ పక్కవాళ్ళు మరీ మంచివాళ్ళు తల్లీ, ఏమన్నా నవ్వేసి ఊరుకుంటారు!"

తోడికోడలి దగ్గరికి వెళ్తే అక్కడా అదే గోడు. టైలరు భార్య పక్కనే నాలుగో నంబరులో ఉన్న పెద్దాయనకు, తోడికోడలున్న చివరి వరసలోనే కూతురుందని నోటుబుక్కు చెప్పింది. మర్నాడే పోస్టమ్మ కాగితం పట్టుకుని ఇళ్ళు పంచిన అధికారి ముందు నిలబడింది.

"చీటీలో వచ్చిన ఇల్లు మార్చడం కుదరదమ్మా."

"ఇల్లెవరికి కావాలి సార్, అన్నీ ఒకటేగా! పక్కింటివాళ్ళు కావాలి. ఇళ్ళు మార్చుకునే ఇద్దరి సంతకాలూ ఇవిగో."

అధికారి కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు. వంక దొరకలేదు. సంతకం పెట్టేశాడు. సామాను దించిన మధ్యాహ్నమే తోడికోడళ్ళు బట్టలారేసే తీగ కోసం పోట్లాట మొదలుపెట్టారు.

ఆ ఏడాది డెబ్బై మూడు కుటుంబాలు అలాగే ఇళ్ళు మార్చుకున్నాయి. వీధులకు పాత పేర్లూ వచ్చాయి.

రిటైరయ్యే ముందు, తన ఉద్యోగంలోకి వచ్చిన అమ్మాయిని ఊరంతా తిప్పింది పోస్టమ్మ.

"ఆ ఇంట్లో కుక్కుంది, ఏమీ చెయ్యదు. పక్కింట్లో కుక్క లేదు, ఆవిడుంది. గేటు దగ్గరే ఆగు."