ఆదివారం దాకా ఆగని ఏడుపు

"అమ్మా, దణ్ణం పెడతాను. ఇక మీదట ఎవరు పోయినా సరే, మీరు మాత్రం ఏడవకండి."

"మీరు పోయినా ఏడవనండి. ఆయ్."

నేనూ, నాటకాల డైరెక్టరు గారూ ఆఖరుసారి మాటాడుకున్న ముక్కలివి. ఒక్క ఏడుపు ఏడ్చి, హైదరాబాదు నించి కార్లేసుకొచ్చిన జనం సరదా మొత్తం గోదాట్లో కలిపేసిన మనిషిని నేను. తుఫాను కూడా అంత తొందరగా పాడు చెయ్యదండి. దాని గురించి ముందే ఫోన్లలో చెబుతారు. నా గురించి వాళ్లకెవరూ చెప్పలేదు పాపం.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు నీలవేణి రాస్తోంది. మధ్యమధ్యలో "అత్తా, ఇది బాగోదు" అంటోంది. బాగోనివి ముందు రాయవే అన్నాను.

మాది సఖినేటిపల్లి. మా ఆయన గోదాట్లో వేటకెళ్లేవారు. ఆయన పోయేక నేను రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి కుదిరేను. పొద్దస్తమానం ఐసు నీళ్లలో చేతులు పెట్టుకుని నిలబడాలి. సాయంత్రానికి వేళ్లు నానిన అప్పడాల్లా అయిపోతాయి. కూరలో చెయ్యి పెడితే గోళ్ల సందుల్లో కారం దూరి ప్రాణం లేచొస్తుంది. అలాంటి రోజుల్లో వచ్చింది నీలవేణి. రాజోలు అవతల గోదారి గట్టు మీద రిసార్టు ఉంది చూడండి, అందులో వచ్చినవాళ్లకి గది తాళాలిచ్చే చోట కూర్చుంటుంది ఇది.

"అత్తా, నీకు ఏడవడం వచ్చు కదా?"

"మొగుడు పోయిన ఆడదాన్ని అడిగే మాటేనా అది?"

"అది కాదత్తా. మా రిసార్టులో శని, ఆదివారాలు కొత్త ఆట పెడుతున్నారు. జమీందారు గారి హత్య. ఆయన చచ్చిపోతారు, నువ్వు ఏడవాలి."

"ఎవడు చంపుతాడు?"

"అదే ఆట. వచ్చినవాళ్లు కనిపెట్టాలి."

"పోలీసులు లేరా?"

"వాళ్లే పోలీసులు. డబ్బులు కట్టి మరీ కనిపెడతారు."

నేను నవ్వుతుంటే అసలు మాట చెప్పింది. "ఫ్యాను కింద కూర్చుని ఏడవడమే అత్తా. నచ్చితే వారం వారం పిలుస్తారు. షెడ్డు మానెయ్యొచ్చు."

షెడ్డు మానెయ్యొచ్చు అన్నాక ఇంకేం వినపడలేదండి నాకు.

మా వైపు ఏడుపంటే ఊరికే ముక్కు చీదడం కాదు, శోకం పెట్టాలి. పోయినాయన ఏం తిన్నాడో, ఎవరికేం చేసేడో, ఆయనకెవరేం చేసేరో, అన్నీ రాగం తీసి పేరుపేరునా చెప్పుకుంటూ ఏడవాలి. బతికున్నన్నాళ్లూ ఆడదాని మాటకి అడ్డం పడే మగాళ్లు, ఆవిడ శవం పక్కన కూర్చుని ఏడుస్తున్నప్పుడు మాత్రం అడ్డు రారు. మాకిచ్చిన మైకు అదొక్కటే. పైగా నాది బొంగురు గొంతు. నేను శోకం ఎత్తుకుంటే అవతల నర్సాపురం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కబోయేవాళ్లు కూడా ఆగిపోతారని మా ఆయన అనేవారు.

డైరెక్టరు గారు హైదరాబాదాయన. చిన్నవాడే, మంచివాడే, కాలు మాత్రం ఒకచోట నిలవదు.

"అమ్మా, మీరు పెద్ద దొరగారిని చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన దాది" అన్నారు.

దొరగారి వేషం అమలాపురం సూర్యారావు గారిది. నాటకాల్లో రాజు వేషాలు వేసి వేసి, టీ తాగేటప్పుడు కూడా నెత్తి మీద కిరీటం పడిపోతుందేమో అన్నట్టు కూర్చుంటారు. నాకంటే బాగా పెద్దాయన.

"ఈయన్ని నేను పెంచేనాండి?"

"అలా అనుకోండమ్మా."

"అనుకుంటానండి. ముందు నేను పుట్టాలి కదా అని అడిగేను, అంతే."

తరవాత నన్ను పక్కకి పిలిచి గుట్టు చెప్పేరు. దొరగార్ని చంపేది తమ్ముడు చిన్న దొర. పాయసంలో విషం కలిపి సీసా గడ్డిమేటులో దోపేస్తాడు. అది దాది చూస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఆటకొచ్చినవాళ్లు గుచ్చిగుచ్చి అడిగేదాకా చెప్పకూడదు.

"నోట్లో గుడ్డ కుక్కుకుంటానండి."

"మరి శనివారం ఏడవాలి కదమ్మా?"

"ఎలా ఏడవమంటారు?"

"నటించొద్దు. మీ ఊళ్లో ఎలా ఏడుస్తారో అచ్చం అలాగే ఏడవండి."

చదువుకున్నాయన నోటితో అన్న మాటండి ఇది. నీలవేణీ, దీని కింద గీత గియ్యి.

శనివారం జనం దిగేరు. వాళ్లని గేటు దగ్గర్నించి గుర్రబ్బండి మీద తేవాలని డైరెక్టరు గారి ముచ్చట. జట్కా గుర్రాలు ఇప్పుడెక్కడివండి? ఐనవిల్లి వైపు నించి పెళ్లి ఊరేగింపుల గుర్రాన్ని తెచ్చేరు. దానికి బాజా వినపడితే గానీ కాలు కదలదు. చివరికి ఎవరో ఫోన్లో బాజా పెట్టి ముందు నడిస్తే, అది నాట్యం చేసుకుంటూ వచ్చింది. హత్య జరగబోయే ఇంటికి అంత పెళ్లికళ ఎక్కడా చూళ్లేదు నేను. వచ్చినవాళ్లకీ వేషాలిచ్చేరు. ఒకాయన కరణం, ఒకాయన మునసబు. పట్టుపంచెలు జారిపోతాయని పైన ప్యాంటు బెల్టులు బిగించుకున్నారు. ఆడవాళ్లు వడ్డాణాలు పెట్టుకుని, ఎలా కూర్చోవాలో తెలీక నిలబడే అన్నం తిన్నారు.

అన్నాల చివర పాయసం వచ్చింది. సూర్యారావు గారు తాగేరు. గుండె పట్టుకున్నారు, గోడ పట్టుకున్నారు, స్తంభం పట్టుకున్నారు, నాలుగు పద్యాలంతసేపు చచ్చి, ఆఖరికి పడ్డారు. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి తెల్లటి దుప్పటి కప్పేరు. డైరెక్టరు గారు నాకు సైగ చేసేరు.

ఒట్టేసి చెబుతున్నానండి, రెండు కన్నీటి చుక్కలు రాల్చి లేచిపోదామనే కూర్చున్నాను. కానీ తెల్ల దుప్పటీ, దాని కింద కాళ్లూ, చుట్టూ జనం నిశ్శబ్దంగా ఉండడం. గొంతు దానంతటదే లేచిపోయింది.

"ఓ నా దొరోయ్… పట్టుపంచె కట్టుకుని పయనమైపోయేవా దొరోయ్…"

అందరూ ఫోన్లు పైకెత్తేరు. డైరెక్టరు గారి మొహం పెట్రోమాక్సు లైటులా వెలిగింది.

"పాయసం గ్లాసు ఇచ్చినోడు పరాయోడు కాదు కదా దొరోయ్…"

లైటు కొంచెం తగ్గింది.

"తోడబుట్టిన తమ్ముడే తోడేలైపోయేడా దొరోయ్… విషం పోసిన సీసా గడ్డిమేటులో దోపేడు దొరోయ్… కుడి పక్కన, కొబ్బరాకు కింద దోపేడు దొరోయ్…"

లైటు ఆరిపోయింది. ఆయన స్తంభం చాటు నించి రెండు చేతులూ ఊపుతున్నారు. ఇంకా గట్టిగా ఏడవమంటున్నారేమో అనుకుని ఇంకా గట్టిగా ఏడ్చేను. ఇంతలో దుప్పటి కదిలింది.

"అమ్మా, కొంచెం నెమ్మది. నాకు ఏడుపొచ్చేస్తోంది" అంటోంది శవం, పళ్ల సందుల్లోంచి.

చూద్దును కదా, సూర్యారావు గారి రెండు కళ్లమ్మటా ధారలు! వడ్డాణం పెట్టుకున్న ఒకావిడ "అయ్యో, శవం ఏడుస్తోంది!" అని అరిచింది.

"ఆ విషం అలాంటిదండి, పోయేక కూడా కన్నీళ్లు వస్తాయి!" అని డైరెక్టరు గారు అరిచేరు. కానీ ఆయన మాట వినడానికి అక్కడ ఎవరున్నారు? కరణం, మునసబు, అందరూ పంచెలు పైకెత్తి గడ్డిమేటు మీద పడ్డారు. కుడి పక్కన, కొబ్బరాకు కింద సీసా దొరికింది. సాయంత్రం టీ ఇంకా మరగలేదు, ఆదివారం తేలాల్సిన హత్య తేలిపోయింది.

వంటింటి వెనక డైరెక్టరు గారు నన్ను పట్టుకున్నారు.

"ఏం చేశారమ్మా మీరు?"

"మీరు చెప్పిందేనండి."

"ఏడవమన్నాను! చెప్పెయ్యమనలేదు!"

"రెండూ వేరువేరుగా చెయ్యడం మాకు రాదండి."

ఆయన కాసేపు నీళ్ల డ్రమ్ము మీద కూర్చున్నారు. "రేపు మధ్యాహ్నం దాకా వీళ్లనేం చెయ్యను?"

"చేపలు పట్టిద్దామండి. వల విసరడం నేను నేర్పుతాను."

"వద్దు. ఒక్కటే దారి. పొద్దున్న అందరి ముందూ ‘ఏడుపులో ఏదో వాగేను, అది నిజం కాదు’ అని చెప్పండి. ఆ సీసా ఇంకొకరిదని మేం కథ మారుస్తాం. చెబితే వచ్చే వారం కూడా మీరే ఏడుస్తారు. లేకపోతే…"

లేకపోతే ఏంటో నాకు తెలుసు. ఐసు నీళ్లు.

ఇక్కడొక ముక్క చెప్పాలి. మా ఆయన శవం ఇంట్లో ఉండగానే మా మరిది నావ తోలుకుపోయేడు. ఇంజిను ఎవరికో అమ్మేసేడు. ఆ రోజు నేను శోకంలో అదంతా చెప్పేను. ఊరంతా విన్నారు, తలలు దించుకున్నారు. మా మరిది "మా వదినకి మతి పోయింది, ఏడుపులో వాగిందానికి విలువేంటి" అన్నాడు. పెద్దలొచ్చి "ఏడుపులో ఏదో అన్నానని చెప్పెయ్యమ్మా, గొడవుండదు" అన్నారు. చెప్పలేదు. నావ రాలేదు, మాట మాత్రం నాదే మిగిలింది. అప్పుడు చెప్పని మాట ఇప్పుడు ఒక ఫ్యాను కోసం చెప్పడానికి ఒప్పుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

ఆదివారం పొద్దున్న అందరూ కుర్చీలేసుకుని కూర్చున్నారు. నేను నిలబడ్డాను. "నిన్న ఏడుపులో…" అన్నాను. డైరెక్టరు గారు చిన్న దొరకి సైగ చేసేరు. కాకినాడ కుర్రాడు, గమ్ముతో అంటించిన మీసం, చేతిలో కర్ర. ముందుకొచ్చి తన ముక్క చెప్పేడు.

"ఈ ముసలిదానికి మతి పోయింది. ఏడుపులో వాగిందానికి విలువేంటి?"

ఎవరో రాసిచ్చిన ముక్కే పాపం. మా మరిది నోట్లోంచి ఊడిపడ్డట్టుంది. అంతేనండి, నేనెప్పుడు వాడి మీద పడ్డానో నాకే తెలీదు.

"ఎవరికిరా మతి పోయింది? నావ ఎక్కడ పెట్టేవురా? ఇంజిను ఎవడికి అమ్మేవురా?"

జమీందారు గారి కథలో నావ లేదండి. ఇంజిను అసలే లేదు. కానీ మునసబు గారు ఎగిరి కుర్చీ ఎక్కేరు. "నావ! కొత్త క్లూ! కథ ఇంకా అవలేదు!"

అందరూ గోదారి గట్టుకి పరిగెత్తేరు. పట్టుపంచెలతో మోకాలి లోతు బురదలో దిగేరు. రెల్లు దుబ్బులన్నీ తొక్కేరు. అవతల లంక దాకా అరిచి అడిగేరు. మధ్యాహ్నం అన్నాల వేళకి, రిసార్టు వాళ్లు షికారుకి తిప్పే పడవని తోసుకొచ్చి నా ముందు పెట్టేరు.

"మామ్మగారూ, మీ నావ దొరికింది!"

ఒకటే చప్పట్లు. ఇన్నేళ్లలో నా నావ కోసం మా ఊళ్లో ఒక్కడూ గడప దాటలేదు. వీళ్లు లేని నావ కోసం కాళ్లు కోసుకున్నారు. నిజం చెబితే తల దించుకునే జనం, నాటకం అనుకుంటే ఎంత న్యాయంగా ఉంటారండి!

నా చేతిలో మాత్రం చిన్న దొర మీసం ఉండిపోయింది. మీసంతో పాటు కాస్త తోలూ వచ్చింది. కుర్రాడి పైపెదవి ఉబ్బి గారెలా అయింది. "ఈవిడుంటే మేం రాం" అని నాటకం వాళ్లంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. అలా గేటు దాకా వచ్చి డైరెక్టరు గారు దణ్ణం పెట్టేరు. సోమవారం మళ్లీ ఐసు నీళ్లు.

నెల తిరక్కుండా నీలవేణి నవ్వు ఆపుకుంటూ వచ్చింది.

"అత్తా, నీ ఏడుపు ఫోన్లోంచి తీసి, చంపినోడి సంగతి కోసేసి, శనివారం శనివారం స్పీకర్లో పెడుతున్నారు. వచ్చినవాళ్లు ఎవరీవిడ అని అడుగుతున్నారు."

"ఏం చెబుతున్నావే?"

"దొరగారి మీద బెంగతో దాది కూడా పోయిందని చెప్పమన్నారు."

"నేను పోయేనా! మరి నాకెవరు ఏడ్చేరే?"

"నువ్వే అత్తా. స్పీకర్లో."

చూసేరా అండీ, నేను రొయ్యల తలకాయలు తీస్తుంటే, నా ఏడుపు మాత్రం రిసార్టులో ఏసీ కింద ఉద్యోగం చేసుకుంటోంది.

కాబట్టి గోదారి తల్లి మీద ఆన పెట్టి అందరికీ తెలియజేసుకుంటున్నాను. ఇక మీదట ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి లేదని రూఢి చేసుకున్నాక గానీ ఏ శవం కోసమూ ఏడవను. చంపిందెవరో తెలిస్తే ఆ వీధిలోకే రాను. మీసం ఉన్నవాణ్ణి ముందు లాగి చూడకుండా ముట్టుకోను.

అయిందా? ఇప్పుడు మొదట్నించీ నాకు చదివి వినిపించవే నీలవేణీ. గొణక్కు. మా మరిది గారు పక్కింటి అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు, ఆయనక్కూడా వినపడాలి. నావ దగ్గర ఇంకాస్త గట్టిగా చదువు.