బొమ్మలో వదిలేసిన ముక్క

సీతాఫల్‌మండిలో జాకెట్లు కుట్టే కల్పలత చేతిలో ఒక్క కుట్టు వంకర పోదు. అందుకే డాక్టర్ రాధిక, ఆడవాళ్లకు తమ ఒంటి సంగతులు నేర్పే తరగతి కోసం, ఆడవాళ్ల మర్మస్థానపు గుడ్డబొమ్మ కుట్టమని ఆమెకే పటం ఇచ్చింది. కల్పలత సిగ్గుపడి, వారం నాన్చి, చివరికి గులాబిరంగు మఖ్‌మల్‌తో కుట్టింది. మడతలన్నీ కుదిరాయి. పైన చిన్న బుడిపె ఒకటి మాత్రం ఫినిషింగ్ చెడగొడుతోందని లోపలికి మడిచి సాపుగా కుట్టేసింది. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది!

బొమ్మ చూసి రాధిక నవ్వింది. “అసలుదే లేదు కదండీ!”

“ఏంది మేడం అది?”

“క్లిటోరిస్. పైకి కనిపించేది శనగగింజంత. లోపల రెండువైపులా పాయలుంటాయి. చాలామంది ఆడవాళ్లకు సుఖం దానివల్లే.”

“ఇంకేం పని చేస్తది?”

“ఇంకే పనీ లేదు.”

కల్పలతకు నలభై మూడేళ్లు. పెళ్లయి ఇరవై రెండేళ్లు. భర్త ఓంప్రకాశ్‌ది స్పేర్‌పార్టుల దుకాణం. పక్కలో ‘నీలో చలనమే లేదు’ అనేవాడు, కోపంగా కూడా కాదు. నిజమే కాబోలనుకుని ఆమె కోరిక పుట్టిస్తుందన్న లేహ్యం మూడు నెలలు తిన్నది. నోరు పొక్కింది, అంతే. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరగడమంటే ఇదే. ఆ రోజు స్నానాల గదిలో, పటంలో చూసినదాన్ని తన ఒంటిమీద వెతుక్కుంది. ఉంది. బాగానే ఉంది. సిగ్గుకన్నా ముందు ఆమెకు ఒళ్లు మండింది.

బొమ్మ సరిచేసి ఇచ్చేసింది. ఆదివారం మధ్యాహ్నం పిల్లలు బయటికి వెళ్లాక, రాధిక చెప్పిందంతా భర్తకు పూస గుచ్చినట్టు చెప్పింది.

“నాలో లోపం లేదు. నీకు తెల్వది, నాకు తెల్వది. గంతే.”

ఓంప్రకాశ్ ముఖం ఎర్రబడింది. “పిల్లలు పెద్దగైన్రు. గిప్పుడేందీ ముచ్చట?”

“పిల్లల కోసం గాదు. నా కోసం.”

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. గడప దాకా వెళ్లి, కాసేపు వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

“ఎట్లనో జెర చెప్పు మరి,” అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

కల్పలతకు ఏడుపొచ్చింది. ఈ మాట ఏదో పెళ్లయిన కొత్తలోనే అడిగి ఉండకూడదా అని.