మిస్ ఒడెస్సా ఇంజిన్

నా షాపుకొచ్చి నాకే ఇంజిన్ల గురించి చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. డెట్రాయిట్ పక్కన హేజెల్ పార్క్ అనే ఊళ్ళో మా నాన్న తెరిచిన షాపు ఇది. పాత బండ్లకు బలం పెంచడమే మా పని. మిస్ ఒడెస్సా ప్రూయిట్ తన ఊదారంగు ప్లిమత్ కారును ట్రక్కు మీద తెచ్చి మా గుమ్మం ముందు దింపించిన రోజే మా ఇద్దరికీ పడలేదు.

ఆమెకు ఎనభై దాటాయి. పెళ్ళైనా సరే, పెద్దావిడలను మా దగ్గర గౌరవంగా మిస్ అనే పిలుస్తాం. కొడుకు థర్మన్ చెయ్యి పట్టుకుని అతని కారులోంచి దిగింది.

"ఈ ఇంజిన్ పీకేసి కొత్త రకం పెడతాను మిస్ ఒడెస్సా. బలం రెండింతలవుతుంది," అన్నాను.

"నిన్ను అడిగానా కాజ్? దీనికే పెంచు."

"ఇది పాతబడిపోయింది కదా."

"నేనూ పాతబడ్డాను. నన్నూ పీకేస్తావా?"

థర్మన్ నవ్వాడు. "మా అమ్మతో పెట్టుకోకు బాబూ. పుట్టినప్పటి నుంచీ ఓడిపోతూనే ఉన్నా."

"నువ్వు మాట్లాడకు. ఫోన్‌లాగా రాత్రంతా ఛార్జింగ్ పెట్టుకునే బండి నీది," అందామె.

ఆమె పంతం ఎందుకో థర్మన్ తర్వాత చెప్పాడు. వయసులో ఉండగా ఆమె ఇంజిన్ ఫ్యాక్టరీలో పిస్టన్లు ఎక్కించేది. ఆ లైనులో ఆడవాళ్ళు బహు తక్కువ. 1970లో తన జీతం డబ్బుతో ఈ బండి కొనడానికి వెళితే, అమ్మేవాడు కుర్చీలోంచి లేవకుండానే "మీ ఆయన ఎప్పుడొస్తారు?" అని అడిగాడట. "ఆయన ఇంట్లో పిల్లాడికి పాలు పడుతున్నాడు. నువ్వు అమ్మే ఇంజిన్లలో పిస్టన్లు ఎక్కించేది నేను. తాళాలియ్యి," అందట. అయినా ఇన్నేళ్ళుగా రోడ్డు మీద ఎవరు మెచ్చుకున్నా పక్కనున్న మగాడినే చూసి "బాగుందండీ మీ బండి" అనేవారు. భర్త తలూపేవాడు. ఆయన పోయాక థర్మన్ థ్యాంక్స్ చెప్పేవాడు. ఆమె స్టీరింగ్ పట్టుకుని అద్దంలోంచి ముందుకు చూస్తూ కూర్చునేది. అది విన్నాక నాకు నా మీదే చిరాకేసింది.

ఇంజిన్ విప్పాను. సిలిండర్లను ఇదివరకే బోరు చేయించి లోపల తొలిపించారు, గోడలు పల్చబడ్డాయి. "ఇదే ఆఖరిసారి. మళ్ళీ చెడితే పారేయడమే," అని దాచకుండా చెప్పాను.

"అయితే చెడగొట్టకు," అంది.

వాల్వులను తెరిచి మూసే క్యామ్ కడ్డీ కొత్తది వేసి, పెద్ద కార్బ్యురేటర్ పెట్టి బలం పెంచాను. ఇలాంటి పాత రకం ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేస్తే ఇరవై నిమిషాలు గట్టిగా తిరుగుతూనే ఉండాలి. ఈలోగా నెమ్మదించిందా, క్యామ్ అరిగి ఆ ఇనప రజను ఇంజిన్ మొత్తాన్నీ తినేస్తుంది. మా షాపులో మా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. మొదటి తాళం యజమానే తిప్పాలి, పెడల్ మీద కాలు కూడా యజమానిదే ఉండాలి. ఆ పద్ధతి మార్చమని థర్మన్ నన్ను బతిమాలాడు. ఆమె కుడి మోకాలికి ఆపరేషనై ఏడాది కాలేదు.

"ఎవరి ఇంజిన్‌రా ఇది?" అని ఆమె ఎక్కి కూర్చుంది.

తాళం తిప్పగానే అందుకుంది. షాపు గోడలు అదిరాయి. నేను గడియారాన్నీ, ఇంజిన్ వేగం చూపే ముల్లునూ చూస్తూ నిలబడ్డాను. సగం దాటేసరికి ఆమె మోకాలు వణకడం మొదలైంది. రెండు చేతులతో తొడను అదిమి పట్టుకుంది. పెదవి కొరుక్కుంది కానీ ముల్లు కదల్లేదు. అంతలో కొత్తగా వేసిన పొగగొట్టాలకంటిన నూనె కాలి బానెట్ కింద నుంచి తెల్లగా పొగ లేచింది. అది మామూలే. థర్మన్ మాత్రం మంటనుకుని, ఇంజిన్ ఆపేద్దామని కిటికీలోంచి తాళం మీద చెయ్యి వేశాడు. నేను అరిచేలోపే మిస్ ఒడెస్సా కొడుకు చేతి మీద ఒక్కటిచ్చింది. కాలు మాత్రం తీయలేదు.

"వంటింట్లో పొగ చూడలేదురా ఎప్పుడూ?"

టైమైపోయిందని నేను చెయ్యెత్తాక మెల్లగా కాలు తీసింది. ఇంజిన్ దడదడమంటూ నిలకడగా కొట్టుకుంది. ఇద్దరం పట్టి దించితేగానీ ఆమె దిగలేకపోయింది. థర్మన్ ఏడుస్తున్నాడు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను, పొగ వల్ల కాదు.

ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత బండ్లన్నీ తిరిగే శనివారం, చూడ్డానికి రోడ్డు పక్కన వేసుకున్న నా మడత కుర్చీ ముందే ఊదారంగు ప్లిమత్ ఆగింది. స్టీరింగ్ దగ్గర ఆమె, పక్కన థర్మన్. కోనీ డాగ్ అనే సాసేజ్ బన్ను తింటూ ఒక పెద్దమనిషి థర్మన్ కిటికీ దగ్గరికొచ్చాడు.

"బాగుందండీ మీ బండి."

"నాది కాదండీ, మా అమ్మది," అన్నాడు థర్మన్. "ఇంజిన్ కూడా ఆవిడదే. వెళ్ళి ఆవిడకు చెప్పండి."

ఆ మనిషి బండి చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్ళాడు. మూతి తుడుచుకుని, టోపీ తీసి, "బాగుందమ్మా మీ బండి," అన్నాడు.

"తెలుసు," అంది మిస్ ఒడెస్సా.